తెర వెనక జడ, బల్ల మీద పాచిక

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మేనల్లుడు ఈసారి కోడిపందాల వైపు కన్నెత్తి చూడలేదు. కోడూరులో మా ఇంటి వసారాలో భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, ముగ్గురు స్నేహితుల్ని చుట్టూ కూర్చోబెట్టి, సంచిలోంచి పాచికలు గుమ్మరించాడు. మనం ఎరిగిన ఆరు ముఖాల పాచికలే కాదు, నాలుగు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడా. పక్కన రెండు లావుపాటి పుస్తకాలు. రెండింటి పేరూ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్కే. ఒకటి 2014లో అచ్చయింది, రెండోది 2024లో. ఆట మొదలు కాకముందే గొడవ మొదలైంది.

"మావయ్యా, నువ్వైనా చెప్పు. పాత పుస్తకం ప్రకారం నా పాలడిన్ ఒకే వంతులో రెండు దెబ్బలు కొడితే రెండింటి మీదా స్మైట్ వేసుకోవచ్చు. కొత్తదాని ప్రకారం ఒక్కదాని మీదే. పదేళ్లు ఆడాక ఇలా మారిస్తే అన్యాయం కాదూ?"

అప్పటికి నాకు పాలడిన్ అంటే మనిషో మందుబిళ్లో తెలియదు. మూడు రోజులు వాళ్ల పక్కన కుర్చీ వేసుకుని, వాళ్లు నిద్రపోయాక ఆ రెండు పుస్తకాలూ తిరగేశాక కొంత తెలిసింది. తెలిసేకొద్దీ నాకు గుర్తొచ్చింది మాత్రం మా ఊరి నుంచి అవనిగడ్డ, చల్లపల్లి దాటి పామర్రు వెళ్లే దారిలో బస్సు ఆగే కూచిపూడి. ఎవరు ఏ వేషం కట్టొచ్చు, కట్టినవాడు ఏం చేయొచ్చు, ఏం చేసి తీరాలి అన్న గొడవ ఆ ఊళ్లో ఈ ఆట కంటే చాలా ముందే నడిచింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

ముందు ఆట సంగతి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌ని 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చు వేశారు. గెలుపూ ఓటమీ లేవు. ఒకరు డన్జన్ మాస్టర్. కథ నడిపేదీ, ఊరినీ అడవినీ వర్ణించేదీ, ఎదురుపడ్డ దొంగకీ దేవతకీ గొంతు ఇచ్చేదీ ఆ మనిషే. మిగతా వాళ్లు తలొక పాత్ర. నోటితో చెప్పి, పాచిక వేసి, పడిన అంకెను బట్టి ముందుకు పోవడం. ఆ పాత్ర ఏ పనిలో ఆరితేరిందో చెప్పేదే క్లాస్. యోధుడు, మాంత్రికుడు, పూజారి అని మొదట మూడే ఉండేవి. దొంగ 1975లో చేరాడు. ఇవాళ పుస్తకంలో పన్నెండు. మన భాషలో క్లాస్‌కి తరగతి అన్న మాట అతకదు, వర్గం అంటే వేరే రాజకీయం వస్తుంది. 'వేషం' సరిగ్గా సరిపోతుంది.

డన్జన్ మాస్టర్‌కి అయితే మాట వెతుక్కోనక్కర్లేదు, మన దగ్గర సూత్రధారి ఉన్నాడు. కూచిపూడివాళ్ల భామాకలాపంలో సూత్రధారి ఒక పక్కన నిలబడి కథ చెబుతాడు, తాళం వేస్తాడు, మరుక్షణం సత్యభామ చెలికత్తె మాధవి అయిపోతాడు. "మీ ఆయన పేరేమిటమ్మా" అని గుచ్చిగుచ్చి అడిగి, సిగ్గుతో మెలికలు తిరిగే సత్యభామను ఏడిపిస్తాడు. కృష్ణుడి దగ్గరికి రాయబారం వెళ్లాలంటే ముక్కెర ఇమ్మని బేరం పెడతాడు. ఆ బేరం రాసిపెట్టింది రాసిపెట్టినట్టు నడవదు. చూసేవాళ్ల నవ్వును బట్టి సాగుతుంది, ఆ ఊరి కరణం మీదో మునసబు మీదో ఒక చురక పడుతుంది. మా వసారాలో సూత్రధారి గుడివాడ అమ్మాయి. సత్రం యజమానిగా గొంతు మార్చి మా మేనల్లుడితో గది అద్దె బేరమాడుతుంటే నేను ముక్కెర బేరమే విన్నాను.

ఇక వేషాల గుమ్మం దగ్గరికి వద్దాం.

పాలడిన్ అంటే దైవానికి మాట ఇచ్చి కత్తి పట్టినవాడు. 1975లో ఈ వేషం వచ్చినప్పుడు దాని గుమ్మం మహా ఇరుకు. ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తే ఆకర్షణ అనే గుణానికి 17 కంటే తక్కువ పడకూడదు. మూడు పాచికలు పడే తీరులు 216 అయితే, 17 గానీ 18 గానీ వచ్చేవి నాలుగే. 1978 నాటి పుస్తకం ఇంకో తాళం వేసింది: పాలడిన్ మనుషుల్లోనే పుట్టాలి. మరుగుజ్జులు మాంత్రికులు కాకూడదు. ఇతర జాతులవాళ్లు చాలా వేషాల్లో కొన్ని మెట్లు ఎక్కి ఆగిపోవాలి. అన్నింటికంటే విడ్డూరం, యోధుడి బలానికి 18 పడ్డాక మళ్లీ నూరు లెక్కన ఇంకో పాచిక వేస్తారు. మగవాడైతే ఆ నూరు దాకా పోవచ్చు. మానవ స్త్రీ అయితే 50 దగ్గర ఆగాలి. రాక్షసులూ డ్రాగన్లూ తిరిగే లోకాన్ని ఊహించిన మనుషులకు, మగవాడికి సమానంగా బరువెత్తే ఆడది మాత్రం ఊహకు అందలేదు. 1989 నాటి రెండో ఎడిషన్‌లో ఆ నియమం పోయింది. 2000 నాటి మూడో ఎడిషన్‌లో జాతిని బట్టి వేషాల మీదున్న అడ్డుగోడలూ పోయాయి. 2024 పుస్తకం 'రేస్' అన్న మాటనే తీసేసి 'స్పీసీస్' అంది. పుట్టుకతో వచ్చే గుణాల పెంపును పుట్టుక నుంచి విడదీసి, పాత్ర పెరిగిన నేపథ్యానికి ముడిపెట్టింది: సిపాయి, రైతు, పండితుడు వగైరా పదహారు. పుట్టుకతో కాదు, చేసిన పనితోనట. ఇది చదివి నేను నవ్వుకున్నాను. పుట్టుకా పనీ రెండు వేరు వేరు సంగతులని ఒప్పుకోవడానికి మన దేశం ఇంకా కిందామీదా పడుతూనే ఉంది.

కూచిపూడి గుమ్మం ఇంతకంటే ఇరుకు. సిద్ధేంద్ర యోగి భామాకలాపం కట్టి, ఊళ్లోని బ్రాహ్మణ కుటుంబాల మగపిల్లలకు నేర్పాడనీ, పుట్టిన ప్రతి మగవాడూ బతుకులో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టి తీరాలని మాట తీసుకున్నాడనీ ఆ ఊరి నమ్మకం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి ఇంటిపేర్లవాళ్ల సొత్తు అది. ఆ మేళాల్లో ఆడవాళ్లకు చోటు లేదు, ఆడవేషం మాత్రం మేళానికి ప్రాణం.

ఆ గుమ్మం 20వ శతాబ్దంలో తెరుచుకుంది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి కలాపాల్లోంచి ఒక్కో ఘట్టాన్ని విడదీసి ఏకపాత్ర నృత్యాలుగా మలిచి ఆడపిల్లలకు నేర్పారు. వెంపటి చినసత్యం మద్రాసు వెళ్లి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. ఇవాళ డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కూచిపూడి నేర్చుకుంటున్న తెలుగు పిల్లల్లో అబ్బాయిల్ని లెక్కపెట్టడానికి చేతివేళ్లు చాలు.

ఇక్కడ ఒక మెలిక. గుమ్మం తెరుచుకుందంటే అంతకుముందు తెలుగునాట భామాకలాపం ఆడిన ఆడవాళ్లే లేరనుకుంటారు. ఉన్నారు. కృష్ణా గోదావరి జిల్లాల దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు, కళావంతులు, ఆడారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చాక వాళ్ల మేళాలు చితికిపోయాయి. ఒక గుమ్మం మూసి, పక్క గుమ్మం తెరిచి, 'స్త్రీలకు ప్రవేశం' అని బోర్డు పెట్టారన్నమాట. ఆట పుస్తకంలో రాతను కొట్టేస్తే ఒక పాచిక మారుతుంది. ఇక్కడ రాత కొట్టేస్తే ఒక వీధి ఖాళీ అయింది. పోలిక ఇక్కడ తెగిపోతుంది, తెగనివ్వడమే మర్యాద.

మేనల్లుడి ఫిర్యాదు మాత్రం గుమ్మం గురించి కాదు, లోపలికి వచ్చాక ఏం చేయొచ్చన్న దాని గురించి. 2014 పుస్తకంలో పాలడిన్ కత్తి దెబ్బ తగిలాక, తన దగ్గరున్న మంత్రశక్తి వాటా, అంటే స్పెల్ స్లాట్, ఒకటి ఖర్చు పెట్టి, ఆ దెబ్బకు దైవబలం జోడించొచ్చు. స్మైట్ అంటే అదే. చిన్న స్లాట్‌కి ఎనిమిది ముఖాల పాచికలు రెండు, పెద్ద స్లాట్‌కి ఇంకా ఎక్కువ. దెబ్బ కోసం వేసిన ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడితే ఆ పాచికలన్నీ రెట్టింపు. ఒక వంతులో ఎన్ని దెబ్బలు తగిలితే అన్నిసార్లూ వేసుకోవచ్చు. ఫలితం ఏమిటంటే, గంటసేపు ఊరించి తెచ్చిన రాక్షసుణ్ణి పాలడిన్ ఒక్క వంతులో పడగొట్టేస్తాడు, మిగతా ముగ్గురూ జంతికలు తింటూ చూస్తారు. 2024 పుస్తకం ఆ స్మైట్‌ని ఒక మంత్రంగా మార్చి, అసలు పనికి తోడుగా చేసే అదనపు పని, అంటే బోనస్ యాక్షన్ కింద పెట్టింది. వంతుకు ఒక్క బోనస్ యాక్షనే ఉంటుంది కాబట్టి స్మైట్ కూడా ఒక్కసారే. చేత్తో తాకి గాయం మాన్పడాన్ని కూడా అదే బోనస్ యాక్షన్‌లోకి తెచ్చారు. అంటే ఒకే వంతులో శత్రువును దండించడమో, మిత్రుణ్ణి బతికించడమో తేల్చుకోవాలి.

ఈ మార్పు నాకు నచ్చింది. మావాడితో ఆ మాట అంటే మూతి ముడుచుకున్నాడు. పాత్రకు ఇబ్బంది పెట్టి ఒకదాన్ని ఎంచుకోమనడం నాటకానికి బలం. సత్యభామ అభిమానం చంపుకుని ఉత్తరం రాయాలా, కృష్ణుడు రాడని ఊరుకోవాలా అన్న ఊగిసలాట లేకపోతే కలాపమే లేదు. అయితే చేసిన తీరు మాత్రం నచ్చలేదు. 'వంతుకు ఒక్కసారి' అని ఒక్క వాక్యం రాస్తే పోయేదానికి దాన్ని మంత్రం చేసి కూర్చున్నారు. మంత్రమయ్యేసరికి దానికి మంత్రాలకుండే తంటాలన్నీ అంటుకున్నాయి. నోటితో పలకాలి, నోరు కట్టేస్తే పనిచేయదు. ఎదుటి మాంత్రికుడు విరుగుడు మంత్రం వేయొచ్చు. ఇక రాక్షసుడి సంగతి చెప్పాలి.

ఈ ఆటలో రాక్షసుడనే జీవి ఉంది, మన మాటే. పులి తల, పట్టు వస్త్రాలు, అరచేతులు వెనక్కి తిరిగి ఉంటాయి. ఏ పురాణంలో చూశారో వాళ్లకే తెలియాలి. 2014 నాటి నియమాల్లో ఆరో స్థాయి వరకూ ఉన్న మంత్రాలేవీ, తాను ఒప్పుకుంటే తప్ప, రాక్షసుడికి అంటవు. పాత స్మైట్ మంత్రం కాదు, పాలడిన్ సహజశక్తి. కాబట్టి రాక్షసుడికి తగిలేది. కొత్త స్మైట్ మంత్రం. కొత్త పాలడిన్‌ని పాత రాక్షసుడి ముందు నిలబెడితే, దైవానికి మాట ఇచ్చిన యోధుడి దైవబలం రాక్షసుడి దగ్గరే చెల్లకుండా పోతుంది! ఇంకెవడి మీద చెల్లాలి స్వామీ అది? 2025లో జీవుల పుస్తకం కూడా మార్చి రాక్షసుడి రక్షణను వేరేగా రాశారు. ఈ మధ్యలో పాత పుస్తకం ఒకటి, కొత్త పుస్తకం ఒకటి పెట్టుకుని ఆడిన బల్లల దగ్గర మాత్రం తలగోక్కున్నారు. ఒక వేషంలో ఒక ముడి సర్దితే ఎదుటి వేషం పంచె ఊడడం నాటకాలవాళ్లకు కొత్త కాదు.

2024 పుస్తకం చేసిన ఇంకో పని కూచిపూడివాళ్లకు బాగా అర్థమవుతుంది: అన్నీ ఒక వరసకు తేవడం. ప్రతి వేషంలోనూ ఉపవేషాలుంటాయి. పాత పుస్తకంలో పూజారికి అది మొదటి మెట్టులోనే, మాంత్రికుడికి రెండులో, యోధుడికి మూడులో వచ్చేది. ఇప్పుడు అందరికీ మూడో మెట్టులోనే. నేర్పేవాడికీ నేర్చుకునేవాడికీ సుఖమే. కానీ పూజారికి తనది ఏ దేవుడి మార్గమో మూడో మెట్టు దాకా తేలదంటే ఎట్లా? మా దివిసీమలో ఏ అర్చకుణ్ణయినా అడగండి, గర్భగుడి గడప తొక్కకముందే తెలుసంటాడు. వెంపటివారి బాణీలో కూడా ఇదే ఒడుపు, ఇదే నష్టం. అడుగులు శుద్ధి అయ్యాయి, గీత గీసినట్టు వరసలు కుదిరాయి, రాత్రంతా సాగేది గడియారం చూసుకుని రెండు మూడు గంటల్లో ముగిసింది. పాత్రధారి తానే పాడి తానే మాట్లాడే పద్ధతి తగ్గి, పాట పక్కన కూర్చున్న గాయకులదైంది. మాధవి ముక్కెర బేరం కుదించుకుపోయింది. వేదిక మీద చూడ్డానికి అందంగా ఉంటుంది, నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ చిన్నప్పుడు గుడి ఉత్సవంలో, పెట్రోమాక్స్ వెలుగులో, అమ్మమ్మ ఒళ్లో సగం నిద్రలో విన్న ఆ బేరం నాకు మళ్లీ వినబడలేదు.

ఆ రాత్రిదే ఇంకోటి గుర్తుంది. ఇద్దరు మనుషులు తెర పట్టుకున్నారు. తెర మీదుగా ముందు జడ వచ్చింది. పొడుగాటి జడ, దాని నిండా బిళ్లలు. మనిషి కనబడడు, జడే. ఆ జడ సవాలు, ఆటలో నన్ను మించినవాళ్లుంటే రండి, ఓడితే ఈ జడ కోయించుకుంటానని దానర్థం అని పక్కనున్న పెద్దాయన చెప్పాడు. తెర దిగాక చూస్తే మధ్యాహ్నం మా అరుగు మీద మజ్జిగ తాగి, పొలం తగాదా గురించి మాట్లాడిన మగమనిషి. అభిమానం దెబ్బతిన్న ఆడదై నిలబడ్డాడు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూసినవాళ్లు ఆడవాళ్లే ఆయన్ని చూసి నడక నేర్చుకోవాలనేవారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. 2012లో కొద్ది నెలల తేడాలో ఆయనా, చినసత్యంగారూ ఇద్దరూ పోయారు.

నేను చెప్పదలుచుకున్నది ఈ జడ దగ్గరే ఉంది. నియమాల్లో రెండు రకాలు. ఒకటి, ఎవరు లోపలికి రావచ్చనేది. రెండోది, వచ్చినవాడు ఏం చెల్లించాలనేది. మొదటిది గుమ్మం, రెండోది మొక్కు. కూచిపూడి మగవాడికి సత్యభామ వేషం హక్కు మాత్రమే కాదు, అప్పు. ఒక్క రాత్రయినా ఆడదాని కోపం, ఆడదాని పంతం, ఆడదాని ఎదురుచూపు వాడి ఒంటి మీదికి రావాలి. ఆ పద్ధతిలో కులాహంకారం లేదనడం లేదు. బ్రాహ్మణ పురుషుడి ఆడవేషంలో వాడి మగతనపు పెత్తనం ఎట్లా దాగుందో పరిశోధకురాలు హర్షితా కామత్ 2019లో ఒక పుస్తకమే రాశారు, అందులో చాలా మాటలు కాదనలేం. అయినా గుమ్మం తెరిచినప్పుడు, ఆ మొక్కును వచ్చినవాళ్లందరికీ పంచొచ్చు కదా? లోపలికి వచ్చే ప్రతి మగపిల్లాడూ, ఏ కులంవాడైనా సరే, ఒకసారి సత్యభామ కట్టాలి అనొచ్చు కదా? అట్లా జరగలేదు. గుమ్మంతో పాటు మొక్కునూ ఊడబెరికారు. ఇవాళ నేర్చుకునే కొద్దిమంది అబ్బాయిలకూ కృష్ణుడు, శివుడు సిద్ధంగా ఉన్నారు. సత్యభామను అడిగేవాళ్లు తక్కువ.

పాలడిన్ కథలోనూ ఇదే జరిగింది. మూడో ఎడిషన్ దాకా పాలడిన్ ధర్మం తప్పితే శక్తులు పోయేవి. తెలిసి పాపం చేస్తే ఆ దెబ్బతో మామూలు యోధుడై మిగిలేవాడు. ఆ నియమం తెచ్చిన తగాదాలు తక్కువేం కాదు. ఏది ధర్మమో చెప్పే హక్కు డన్జన్ మాస్టర్ చేతిలో కొరడా అయింది, ఖైదీని చంపొచ్చా చంపకూడదా అని తెల్లవార్లూ వాదించుకున్న బల్లలున్నాయి. నాలుగో ఎడిషన్‌తో 2008లో ఆ శిక్ష పోయింది. 2014లో ప్రమాణాలు వచ్చాయి, 2024లోనూ ఉన్నాయి. ప్రమాణం తప్పితే ఏం చేయాలో ఒక పక్కన గడి కట్టి సలహాలాగా రాశారు. స్మైట్ వంతుకు ఒకసారా రెండుసార్లా అన్నదానికి మాత్రం చట్టం. మాట తప్పడం సలహా, పాచికల లెక్క శాసనం! స్మైట్ ఎన్నిసార్లో అడిగిన మావాడు, ఆ స్మైట్ ఎవరికిచ్చిన మాట వల్ల వచ్చిందో మూడు రోజుల్లో ఒక్కసారీ అనలేదు. తప్పు వాడిది కాదు, పుస్తకం వాడిని అడగలేదు.

ఒక్క తేడా ఒప్పుకోవాలి. ఆట నియమాలకు యజమాని ఉన్నాడు. ఈ ఆటను మొదట అచ్చు వేసిన కంపెనీని 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొంది, దాన్ని 1999లో హాస్‌బ్రో కొంది. నియమం మారిందంటే కొత్త పుస్తకం కొనాలి, ధర చూసి మా అక్క నోరెళ్లబెట్టింది. 2023 జనవరిలో ఆ నియమాలను వాడుకునే లైసెన్సును బిగించబోయి, ఆటగాళ్లు తిరగబడితే, అదే నెలలో మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది. సిద్ధేంద్ర యోగికి కాపీరైట్ లేదు. భామాకలాపాన్ని గురువులు మార్చారు, శిష్యులు మార్చారు, టిక్కెట్టు కొన్నవాళ్లు మార్చారు. అందుకే కూచిపూడిలో పాత నియమం ఏ రోజు పోయిందని అడిగితే తేదీ చెప్పలేం. ఆటకు మాత్రం అచ్చయిన తేదీ ఉంది.

కనుమ నాటి సాయంత్రం తగాదా మళ్లీ మొదటికొచ్చింది. మావాడి పాలడిన్ పాడుబడ్డ కోటలో రాక్షసుడికి ఎదురుపడ్డాడు. రెండు దెబ్బలూ తగిలాయి. వాడు పాత పుస్తకం తెరిచి చేత్తో పట్టుకున్నాడు, పక్కవాడు కొత్తది తెరిచాడు. సూత్రధారి అమ్మాయి రెండూ మూయించింది.

"రెండుసార్లూ వేసుకో. రాక్షసుడికి తగులుతుంది కూడా. కానీ వేసే ముందు నీ ప్రమాణం పైకి చెప్పు."

"ఏ ప్రమాణం?"

"నువ్వు పాలడిన్‌వి కదా. ఎవరికి ఏమని మాటిచ్చావో అది."

మావాడు నా వైపు చూశాడు. నేను జంతికల పళ్లెం వైపు చూశాను. పాచిక పిడికిట్లోనే పెట్టుకుని, రెండో చేత్తో వాడు తన పాత్ర కాగితం అటూ ఇటూ తిప్పుతున్నాడు.